పేరు పెట్టని ఫైలు

కంప్యూటర్ల ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వచ్చి కూర్చుని, "మీ అనుభవం రెండు ముక్కల్లో చెప్పండి సార్" అంటారు. రెండు ముక్కల్లో చెప్పగలిగేదైతే నేను అన్నేళ్లు ఆ కుర్చీలో నడుం విరగ్గొట్టుకుని ఎందుకు కూర్చుంటాను? కాఫీ ఇచ్చి పంపించేస్తుంటాను. వాళ్లకి నోటితో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆఫీసుల్లో ఏ కంప్యూటరుకి జబ్బు చేసినా, ఏ ఫైలు మీద అనుమానం వచ్చినా వెళ్లి చూడడం నా పని. మాది విజయనగరంలో బట్టల కొట్టు కుటుంబం. నేను కొట్టు వదిలేసి ఈ పనిలో పడ్డాను. నా ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి రాయను. వీడ్కోలు సభ గురించీ రాయను. ఆ రోజు కప్పిన శాలువాని మా ఆవిడ ఇస్త్రీ బల్ల మీద పరిచింది, ఆ విధంగా అది ఒక్కటీ పనికొచ్చింది.

ఈ ఉద్యోగంలో చేరినప్పుడు నాకొక నమ్మకం ఉండేది. నిజం కనిపెడితే చాలు, తప్పు చేయనివాడు బయటపడతాడు అని. ఆ నమ్మకం ఇప్పుడు లేదు. అది ఎలా పోయిందో చెప్పడానికే ఇదంతా.

తెరవకముందు

కంప్యూటర్లో మీకు తెలియని ఫైలు ఒకటి కనబడిందనుకోండి. అడగాల్సినవి రెండే. ఎక్కడి నుంచి వచ్చింది? దానివల్ల ముప్పు ఉందా? ఈ రెండూ వేరువేరు ప్రశ్నలు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఫైలు నిక్షేపంగా ఉండొచ్చు. మీ సొంత తమ్ముడు పంపిన ఫైలు మీ కొంప ముంచొచ్చు. ఇంత చిన్న సంగతి నా సర్వీసులో ఒక్క పెద్ద సారుకి కూడా ఎక్కించలేకపోయాను. ఎవడు పెట్టాడు అన్నది తేలితే చాలు, ఫైలు సంగతి తేలిపోయినట్టే వాళ్లకి.

ముందుగా చేయవలసింది దాన్ని తెరవకుండా ఉండడం. ఇది వినడానికి తేలిగ్గా ఉంటుంది. కళ్లెదురుగా ఒక కాగితం బొమ్మ కనబడుతుంటే నొక్కకుండా ఉండగలిగిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. ఆ తర్వాత దాని అసలు పేరు చివరిదాకా చూడాలి, ఎందుకంటే కంప్యూటరు ఆ పేరు తోకని మన నుంచి దాచిపెడుతుంది. పైన టెక్స్ట్ ఫైలులా ఉన్నది లోపల ప్రోగ్రాం అయి ఉండొచ్చు. ఎంత సైజుందో చూడాలి, ఎప్పుడు పుట్టిందో చూడాలి. వేరే ఏ యంత్రంతోనూ, నెట్టుతోనూ సంబంధం లేని ఒక పాత కంప్యూటర్లో పెట్టి, లోపల అక్షరాలే ఉన్నాయా ఇంకేమైనా ఉందా అని చూడాలి. ఇంతే విద్య. ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు, ఓపిక కావాలి.

సాలూరు లారీ ఆఫీసు

సాలూరులో లారీల బుకింగ్ ఆఫీసు ఒకటి ఉండేది. యజమాని సుబ్బారావు గారు మా నాన్నకి తెలిసినాయన కాబట్టి సొంత పనిగా వెళ్లాను. రాయపూర్ వైపు లోడు ఎత్తేముందు డ్రైవర్లందరూ అక్కడి కంప్యూటర్లో పెన్ డ్రైవులు గుచ్చి పాటలు ఎక్కించుకునేవాళ్లు. కొండల్లో ఘాట్ రోడ్డు మీద నిద్ర రాకుండా పాటలు కావాలి. ఆ పెన్ డ్రైవులు ఎన్ని ధాబాలు తిరిగి వచ్చాయో దేవుడికే తెలియాలి. ఒకరోజు తెర మీద పాటల లిస్టు అని ఒక ఫైలు కనబడింది. సుబ్బారావు గారు నొక్కాడు. బుకింగులన్నీ తాళం పడ్డట్టు బిగుసుకుపోయాయి.

"కాయితం బొమ్మే ఉన్నాది మేస్టారూ. లిస్టే కదా, సదువుదారని నొక్కేను" అన్నాడు నాతో. మా వైపు ఎవర్ని పలకరించినా మేస్టారే.

"అది లిస్టు కాదండీ, లిస్టు వేషం వేసుకున్న ప్రోగ్రాం" అన్నాను.

"అయితే ఏ డ్రైవరు ఎట్టేడో అది సెప్పు."

చెప్పడం కుదరదనీ, పెట్టినవాడికి కూడా తాను పెట్టినట్టు తెలిసి ఉండదనీ, అందరి డ్రైవుల్లోనూ అది ఉందనీ నేను గంట మొత్తుకున్నాను. ఆయన తలూపుతూ విన్నాడు. మర్నాడు అందరికంటే ఆఖరున పాటలు ఎక్కించుకున్న డ్రైవర్ని పనిలోంచి తీసేశాడు. ఎవడో ఒకడు దొరికితే గానీ మనుషులకి నిద్ర పట్టదు. ఆ పాఠం నాకు అప్పుడే వంటబట్టి ఉండాల్సింది.

తువ్వాలు కప్పిన కంప్యూటరు

ఇక అసలు సంగతికి వస్తాను. శ్రీకాకుళంలో సముద్రానికీ, పడవలకీ సంబంధించిన ఆఫీసు ఒకటుంది. పేరు చెప్పను. తీరంలో ఉన్న ఆఫీసుల కంప్యూటర్లలో అనుమానంగా ఏదైనా కనబడితే వెంటనే తెలపాలని వాళ్లకి పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. అది వచ్చిన వారంలోనే వాళ్లకి అనుమానం దొరికింది. ఎప్పుడూ అంతే.

అక్కడి ఆఫీసరు దక్షిణం జిల్లాల నుంచి వచ్చినాయన. చెడ్డవాడు కాదు, భయస్తుడు. చెడ్డవాళ్లకంటే భయస్తులే ఎక్కువ నష్టం చేస్తారని నా అభిప్రాయం, చెడ్డవాడికి ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. ఫోన్ చేసి గొంతు తగ్గించి, "మీరే రావాలండీ, ఇది మామూలు విషయం కాదు" అన్నాడు.

వెళ్లేసరికి ఆ గది ఖాళీ చేయించారు. కంప్యూటరు తీగలన్నీ పీకేసి, తెర మీద తువ్వాలు కప్పారు. శవానికి కప్పినట్టు. నాకు నవ్వొచ్చింది గానీ ఎవరూ నవ్వడం లేదని ఊరుకున్నాను.

ఫైలుకి పేరు కూడా పెట్టలేదు. కంప్యూటరు తనంతట తాను పెట్టే 'న్యూ టెక్స్ట్ డాక్యుమెంట్' అన్న పేరే ఉంది. వాళ్లు అప్పటికే తెరిచి చూశారు, లోపల పిచ్చి గీతలు. తలకట్లున్న ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, కొమ్ములు. ప్రతి వరుస చివరా కొన్ని అంకెలు.

"కోడ్ భాష కదండీ?" అన్నాడు ఆఫీసరు.

నేను నా పని మొదలుపెట్టాను. ఫైలు తోక నిజంగా టెక్స్ట్ తోకే. లోపల ప్రోగ్రాం లేదు, దేన్నీ పిలవదు, ఎక్కడికీ పోదు. ఇలాంటి ఫైలు కంప్యూటరుకి చేయగలిగిన హాని సున్న. ఆ మాట చెప్పాను. ఆయన మొహం తేలికపడలేదు. "మరి ఆ అంకెలేంటి?" అన్నాడు.

అంకెలు సముద్రంలో చోట్లు చెప్పే అక్షాంశ రేఖాంశాలు. అది చూడగానే ఆయనకీ తెలిసింది, అందుకే ఆయనకి చెమటలు. భావనపాడు ఒడ్డు నుంచి లోపలికి, నీళ్లలో, అక్కడొకటీ ఇక్కడొకటీ.

పిచ్చి గీతలు మాత్రం నాకు పాత చుట్టాలే. ఇప్పటి తెలుగు ఏ కంప్యూటర్లోనైనా తెలుగులాగే కనబడుతుంది. పూర్వం టైపు ఇన్‌స్టిట్యూట్లలో నేర్పిన తెలుగు అలా కాదు, ఆ పాత అక్షరాల సెట్టు ఉంటేనే తెలుగు, లేకపోతే చెత్త. నా దగ్గర ఆ సెట్టు ఉంది. పెట్టి చూశాను. గీతలు కదిలి అక్షరాలయ్యాయి. తాత కూసున్న రాయి. కుంటి గేదె. మేనత్త మెట్ట. సీకటి గొయ్యి. ఇలాంటి పేర్లు, పక్కనే అంకెలు.

గూఢచారులు తమ గురుతులకి మేనత్త పేరు పెట్టుకోరని నేను అన్నాను. ఆఫీసరు దాన్ని హాస్యంగా తీసుకోలేదు. "ఎవరు పెట్టారో కనిపెట్టండి" అన్నాడు.

నూకరత్నం

ఆ ఆఫీసులో అందరిదీ ఒకటే పాస్‌వర్డు, దాన్ని కాగితం మీద రాసి తెర పక్కన అంటించారు కూడా. కాబట్టి ఎవరి పేరు మీద పుట్టిందో చూసి లాభం లేదు. ఫైలు పుట్టింది మధ్యాహ్నం భోజనాల వేళ. ఆ వేళ గదిలో ఉండేవాళ్లు తక్కువ. పాత తెలుగు టైపు వచ్చినవాళ్లు ఇంకా తక్కువ. తీరం ఊళ్ల నుంచి వచ్చే మనిషి ఒక్కతే. కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటరు నూకరత్నం, భావనపాడు పిల్ల.

మెట్ల దగ్గర పట్టుకుని అడిగాను. దాచలేదు.

"నాదేనండి" అంది.

"ఏమిటమ్మా అవి?"

"సెప్పనండి."

"చెప్పకపోతే పోలీసుల దాకా వెళ్తుంది."

"ఎల్తే ఎల్లనివ్వండి. నానైతే సెప్పను." నోట్లో నాలుక లేనట్టుండే పిల్ల, ఆ మాట రాయిలా అంది.

నాకు విసుగొచ్చింది. నీ మంచికి అడుగుతుంటే ఈ మొండితనం ఏమిటని కసిరాను. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎవరితోనూ అననని నా చేత ఒట్టు వేయించుకుని, అప్పుడు చెప్పింది.

అవి వాళ్ల కుటుంబం వేటాడే చోట్లు. సముద్రం అడుగున రాళ్ల గుట్టలు ఉంటాయట, వాటి చుట్టూ పెద్ద చేపలు చేరతాయట. ఆ గుట్టలు పైకి కనబడవు. ఒడ్డున కొండనీ, ఉప్పు మడుల దగ్గర తాడిచెట్టునీ ఒకే గీతలోకి తెచ్చుకుని, మరో పక్క మరో రెండు గుర్తులు కలుపుకుని, ఆ రెండు గీతలు కలిసిన చోట గేలం వదులుతారట. ఒక్కో గుట్టనీ వాళ్ల తాతలు ఎవరో ఏళ్ల తరబడి వెతికి పట్టుకున్నారు. కనిపెట్టినవాడు పేరు పెడతాడు. ఆ పేరూ, ఆ గుర్తులూ ఇంటి గడప దాటవు.

"మా పెద్ద బావ మా నాన్నతో ఒకే పడవలో ఎల్తాడండి. ఆడికీ తెల్దు. ఆడు ఎక్కిన రోజు మా నాన్న ఆ రాళ్ల కాడికి పోడు. ఒక్కడే ఎల్లే రోజైతే ముందు ఉత్తరం పక్కకి తిప్పి, ఎనకాల ఎవుడూ రాలేదని సూసుకుని, అప్పుడు ఎల్తాడు. మా కాడ పొలాలు నేవు కదండీ. అవే మా పొలాలు."

"మరి ఇక్కడ ఎందుకు కొట్టావమ్మా?"

వాళ్ల నాన్న ఎర్రయ్యకి కంటి చూపు మందగించింది. కొండా చెట్టూ ఒకటిగా అలికేసినట్టు కనబడుతున్నాయి. అందుకని గుర్తులన్నీ పడవలో వాడే చేతి జీపీఎస్‌లోకి ఎక్కించి పెట్టాడు. ఆ జీపీఎస్ ఉప్పుగాలికి తుప్పుపట్టి తెర ఆరిపోతూ వచ్చింది. అది పూర్తిగా చచ్చిపోయేలోగా కూతురు దాన్ని సంచిలో పెట్టుకుని ఆఫీసుకు తెచ్చి, అందరూ అన్నాలకి లేచినప్పుడు ఒక్కొక్కటీ చూసి కొట్టింది.

"నెట్టు సెంటర్లో కొడితే ఆడు సూస్తాడు. ఊళ్లో ఎవుడి చేతికిచ్చినా అయిపోయినట్టే. ఈ ఆఫీసులో ఎవుడికీ సముద్రం తెల్దు కదండీ. ఇక్కడే బద్రం అనుకున్నాను" అంది.

కాగితం మీదకి ఎక్కించుకుని చెరిపేద్దామనుకుందట. ప్రింటరు ఆ రోజు పనిచేయలేదు. మర్నాడు ఉత్తర్వు వచ్చింది, కంప్యూటర్లన్నీ వెతకడం మొదలుపెట్టారు.

నేను రాసిన రిపోర్టు

ఒట్టు నిలబెట్టుకునేలాగే రాశాను. ఫైలులో హానికరమైనది ఏమీ లేదు, బయటినుంచి రాలేదు, సిబ్బందిలో ఒకరు సొంత అవసరానికి రాసుకున్నది, భద్రతతో సంబంధం లేదు, చెరిపేయవచ్చు. ప్రతి మాటా నిజం. నా సర్వీసులో అంత శుభ్రమైన రిపోర్టు ఇంకొకటి రాయలేదు.

ఆఫీసరు దాన్ని చదివి బల్ల మీద పెట్టాడు. రాసుకున్నది ఎవరో ఆయనా అప్పటికే కనుక్కున్నాడు. "సముద్రంలో చోట్లు సొంత అవసరం ఎలా అవుతాయండీ? రేపు పైవాళ్లు అడిగితే నేనేం చెప్పాలి? ఆ అమ్మాయి చెప్పాలి, చెప్పింది రాతలో ఉండాలి."

వేట చోట్లు అని మాత్రం చెప్పి వదిలేయమని నూకరత్నానికి సలహా ఇచ్చాను. ఆమె అంతవరకు చెప్పింది. "ఏవి వేట చోట్లు? ఒక్కొక్కటీ ఏమిటి? నిజమని ఎలా నమ్మను?" అన్నాడాయన. ఆమె మళ్లీ నోరు మూసుకుంది. ఇక కేసు పెట్టించడం తప్పదంటూ ఆయన ఆమె తండ్రికి కబురు పంపాడు.

మా సొంత ఆఫీసులో మా పెద్ద సారు దగ్గరకి పరుగెత్తాను. ఆయన తెలివైనవాడు, నాకు పని నేర్పినవాడు. జరిగింది విని, "మనకెందుకయ్యా? ఫైలు వల్ల ముప్పు ఉందా లేదా అన్నంత వరకే మన పని. లేదని రాశావు. చేతులు కడుక్కో" అన్నాడు. ఆయన అన్నదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆయన మీద నాకున్న గౌరవం మాత్రం ఆ పూటతో పోయింది.

ఎర్రయ్య

ఎర్రయ్య ఉతికిన చొక్కా తొడుక్కుని, భుజాన తువ్వాలుతో వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. గదిలో ఆఫీసరు, రాసుకునే గుమస్తా, పక్క సెక్షన్ల వాళ్లు ఇద్దరు ముగ్గురు, నేను, గోడవారన నూకరత్నం.

"ఈ పిల్లని జైల్లో ఎడతారేటి బాబూ?" అని అడిగాడు నన్ను, ఆఫీసర్ని కాదు.

ఆఫీసరే జవాబిచ్చాడు. "ఆ ఫైల్లో ఏముందో చెబితే ఏ గొడవా లేదు పెద్దాయనా. చెప్పకపోతే నా చేతుల్లో ఉండదు. ఉద్యోగం సంగతి అటుంచు, కేసవుతుంది."

"నాన్నా, నువ్వు మాటాడకు. ఉజ్జోగం పోతే పోనీ" అంది నూకరత్నం.

"నువ్వూరుకో" అన్నాడు ఎర్రయ్య.

కనీసం మిగతావాళ్లని బయటికి పంపమని నేను ఆఫీసర్ని బతిమాలాను. సాక్షులు ఉండాలన్నాడు. నేను గట్టిగా అరిచాను కూడా. నా వయసుకీ హోదాకీ తగని మాటలు రెండు వచ్చాయి. ఆయన మొహం ఎర్రబడింది గానీ ఎవర్నీ పంపలేదు.

ఎర్రయ్య మొదలుపెట్టాడు. తాత కూసున్న రాయి అంటే ఏ కొండకి ఎదురుగా, ఎంత లోతు, ఏ గాలికి అక్కడ కోనం చేపలు పడతాయి. కుంటి గేదె అని ఎందుకన్నారు, దాని ఏ పక్క వల చిరుగుతుంది, ఏ పక్క చిరగదు. మేనత్త మెట్ట కనిపెట్టిన రోజే వాళ్ల మేనత్తకి పెళ్లి కుదిరిందట, అందుకని ఆ పేరు. కూతురి కోసం దాచుకున్న నగలన్నీ ఒక్కొక్కటే తీసి ఎవరికో అప్పగిస్తున్నట్టు చెప్పాడు. గుమస్తా రాస్తూ మధ్యలో, "ఈ సీకటి గొయ్యి మరో పాలి సెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పాడు. నూకరత్నం మొహం దాచుకోకుండా, అందరి ముందూ ఏడుస్తూ నిలబడింది. నేను కిటికీ వైపు తిరిగాను. నాకు వినాలని లేదు, కానీ వినబడుతూనే ఉంది.

చివరికి ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "అంతే బాబూ. నా కాడ ఇంకేటీ నేదు" అన్నాడు.

ఆఫీసరు తేలిగ్గా ఊపిరి వదిలి టీ తెప్పించాడు. "చూశావా అమ్మా, నిజం చెబితే ఎంత సులువో" అన్నాడు నూకరత్నంతో. ఆ టీ గ్లాసు ఆయన నెత్తిన పొయ్యాలనిపించింది. పొయ్యలేదు, తాగాను.

ముప్పు లేదు

కేసు లేదు. ఫైలు వల్ల ముప్పు లేదని తేలిందని ఉత్తరం తయారైంది. దాని వెనక ఎర్రయ్య చెప్పిందంతా జతచేశారు. నేను తెలుగులోకి తెచ్చిన ఆ ఫైలు కూడా, అంకెలతో సహా. దాన్ని సీలు వేసి పెట్టమని రాసిచ్చాను, వెళ్లి చెప్పాను, మళ్లీ వెళ్లాను. అనుమానం అందరి ముందూ వచ్చింది కాబట్టి నివృత్తి కూడా అందరి ముందే జరగాలని ఆఫీసరు వాదన. నకళ్లు తీరంలో ఉన్న ఆఫీసులన్నిటికీ పోయాయి. అక్కడ ఎవరో ఫోన్లో ఫొటో తీశారు. ఆ ఫొటో ఏ గ్రూపులో పడి ఎంత దూరం పోయిందో కనిపెట్టమంటే నాకు చేతకాదు. నా విద్య అక్కడితో సరి.

ఏటా వేసవిలో పెట్టే వేట నిషేధం ఎత్తేసిన రోజుల్లో, ఇంకెక్కడి నుంచో పెద్ద మరబోట్లు ఆ రాళ్ల మీదకి తిన్నగా వచ్చాయని విన్నాను. దారి తప్పి వచ్చినవి కావు.

కొంతకాలానికి కాంట్రాక్టు మనుషుల కొత్త జాబితా వచ్చింది. నూకరత్నం పేరు అందులో లేదు. కారణం రాయలేదు. ఆఫీసర్ని అడిగితే, "ఒకసారి పేరు బయటికొచ్చిన మనిషి ఎందుకులెండి" అన్నాడు. ఆయనకి ఆమె మీద కోపం లేదు. అసలు ఏమీ లేదు. నిర్దోషి అని ఆయనే సంతకం చేసిన కాగితం, ఆయన వెనకున్న బీరువాలోనే ఉంది.

ఆ మాట వినొచ్చిన రోజు నేను ఇంట్లో అన్నం తినలేదు. నేను ఎక్కడ ఏం చేసి ఉంటే ఇది ఆగేదో ఎన్నోసార్లు వెనక్కి వెళ్లి వెతుక్కున్నాను. ఆ పిల్ల పేరు నేను ఎవరికీ చెప్పకపోయినా, మధ్యాహ్నం గదిలో ఉన్నది ఎవరో కనుక్కోవడానికి నా అవసరం లేదు. ఫైలుని తెలుగు చేయకుండా వదిలేసినా, కోడ్ భాష అని ముందే పోలీసులకి పోయేది. నాకు తప్పు దొరకలేదు. తప్పు దొరికితే బాగుండేది, ఇంకోసారి అలా చేయకండని మీకైనా చెప్పేవాణ్ని. పద్ధతి ప్రకారం చేసిన పనిలో, ఒక్క అబద్ధం లేని కాగితాల మధ్యన, ఒక కుటుంబం నేలమట్టమైపోయింది. ఈ ఉద్యోగంలో చేరేవాళ్లు ఈ సంగతి తెలిసి చేరండి. ముప్పు లేదు అని రాసేటప్పుడు కంప్యూటరుకి లేదా, మనిషికి లేదా అని అడిగే గడి ఆ ఫారంలో లేదు. ఉండదు కూడా.

నూకరత్నం ఒకసారి ఫోన్ చేసింది. టెక్కలిలో ఒక జిరాక్సు కొట్లో కూర్చుంటున్నాననీ, ఎక్కడైనా ఆపరేటరు పని ఉంటే చూడమనీ అడిగింది. చాలామందిని అడిగాను. ఎక్కడా కాలేదు.

భావనపాడు

రిటైరయ్యాక మనసు ఆగక భావనపాడు వెళ్లాను. ఎర్రయ్య ఒడ్డున ఇసకలో కూర్చుని ఎవరిదో వల బాగుచేస్తున్నాడు. చేతులే చూసుకుంటున్నాయి, కళ్లతో పనిలేదు. గొంతు విని గుర్తుపట్టాడు.

"రండి బాబూ, కూకోండి" అని తువ్వాలు పరిచాడు.

ఎలా ఉన్నారని అడిగాను. దాచకుండా చెప్పాడు. నిషేధం ఎత్తేసిన రోజుల్లో తాత కూసున్న రాయి కాడికి వెళ్లేసరికి తనకి కూడా చోటు లేదట, అన్ని బోట్లు. చుట్టూ వలలేసి పిల్ల చేపతో సహా ఊడ్చుకుపోయారు.

"రాయి ఉన్నాది బాబూ, ఎక్కడికి పోతాది. దాని కాడ ఏటీ నేదు."

పడవ అమ్మేశాడు. కొడుకు గుజరాత్ బోట్ల మీదకి కూలికి వెళ్లాడు. తను ఊళ్లోవాళ్ల వలలు కుడుతున్నాడు. నూకరత్నం పెద్ద బావ మాట్లాడడం మానేశాడట. సొంత మనిషికి చెప్పని మాట ఆఫీసులో పరాయివాళ్లకి చెప్పాడని కోపం.

"మీకు చాలా అన్యాయం జరిగింది ఎర్రయ్య గారూ. నేను ఆపలేకపోయాను" అన్నాను.

ఆయన వల పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు.

"మీరేటి సేస్తారు బాబూ. పోనాది పోనాది. ఒక సేత్తో ఎడితే గానీ ఇంకో సేత్తో రాదు. పిల్ల ఉజ్జోగం నిలబడ్డాది, నాకు అదే సాలు. పొద్దున్నే కేరేజీ కట్టుకుని, మెళ్లో ఆ ఆఫీసు కార్డు ఏసుకుని బస్సెక్కుతాది. నాకు కళ్లు అగుపించవు గానీ బస్సు సప్పుడు ఇంటాను. ఆ సప్పుడు ఇన్న రోజు నాకు ఏ దుక్కం ఉండదు."

నేను ఇసకలో పడిన వల దారం కండె తీసి ఆయన చేతికిచ్చాను.

"ఆఫీసులో మీ మాట ఇంటారు కదా" అన్నాడు ఎర్రయ్య. "దాన్ని కూసింత సూసుకోండి బాబూ."

"అలాగే" అన్నాను.